పొగాకు బ్యారన్ దగ్గర వాడి చూసిన ఆడియో బైబిల్ పెట్టె

అరచేతిలో పట్టే నల్ల పెట్టె. ముందు స్పీకరు, దాని కింద బటన్లు, వెనక చిన్న సోలార్ పలక, పైన టార్చిలైటు. లోపల ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు తెలుగులో చదివి రికార్డు చేసి పెట్టారు. ఎఫ్ఎం రేడియో కూడా వస్తుంది. ఒంగోలులో క్రైస్తవ పుస్తకాలు అమ్మే ఒక షాపులో 1,450 రూపాయలు చెప్పి 1,300కి ఇచ్చారు. బేరం ఆడాను, దాచుకునేదేముంది.

కొనొచ్చా అంటే కొనొచ్చు. ముసలివాళ్లు ఉన్న ఇంట్లో, రాత్రిపూట మేలుకొని పనిచేసే ఇంట్లో, మనసు నిలవక పుస్తకం తెరిచినా అక్షరం ఎక్కని రోజుల్లో ఇది పనికొస్తుంది. లోపాలు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

షాపు నుంచి తెచ్చిన రోజు మా పెద్దమ్మాయి నవ్వింది. "ఫోన్లో బైబిల్ ఊరికే వస్తుంది గదమ్మా, చదివి వినిపిస్తుంది కూడా. దీనికి డబ్బులెందుకు తగలేశావు?" అంది. దానిదీ నిజమే. యాప్ ఉచితం, ఏ పుస్తకం కావాలన్నా వేలితో ఒక్కసారి తాకితే చాలు. కానీ నిరుడు మా ఇంట్లో ఫోను మోగితేనే కడుపులో తిప్పేది. ఒక రోజు ఫైనాన్స్ వాళ్లు, ఒక రోజు ఎరువుల షాపాయన, ఇంకో రోజు బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఎండబెట్టే కొట్టు) అద్దెకిచ్చిన ఆసామి. కీర్తన వింటుంటే మూడో వచనంలో ఫోన్ మోగుతుంది. ఎవరిదో చూడకుండా ఉండలేం. చూశాక కీర్తన వినలేం. నెట్ ఆపితే కాల్స్ ఆగవు, ఫోనే ఆపేస్తే హాస్టల్లో ఉన్న చిన్నదానికి మనం దొరకం. ఈ పెట్టెకు నంబరు లేదు. దీనికి ఎవరూ ఫోన్ చేయలేరు. నేను పెట్టిన 1,300లో సగం దానికే ఇచ్చాననుకోండి.

మాది టంగుటూరు, కొండపి మధ్య ఒక ఊరు. సొంత భూమి కొంచెం, కౌలుది ఎక్కువ. బ్యారన్ పొగాకు వేస్తాం. ఈ పంట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 2024 వేలంలో కిలో మూడు వందలు దాటి పలికింది. అది చూసి అందరికీ ఆశ పుట్టింది. కౌలు పెరిగింది, బ్యారన్ అద్దె పెరిగింది, కూలి పెరిగింది, మరుసటి ఏడు పంట కూడా పెరిగింది. 2025లో ఆకు ఎక్కువైంది, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. మంచి రంగు ఆకుకు ఏదో ధర వచ్చింది గానీ లోగ్రేడ్ బేళ్లను, అంటే తక్కువ రకం ఆకు మూటలను, అడిగే దిక్కు లేకపోయింది. ట్రాక్టర్లో తీసుకెళ్లిన బేలును మళ్లీ ట్రాక్టర్లో ఇంటికి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో తెచ్చుకున్నవాళ్లకే తెలుసు. డీజిల్ ఖర్చు అదనం.

అప్పుడు కొన్నాను దీన్ని. నా కోసం కాదు, మా అత్తమ్మ కోసం.

అత్తమ్మ బడికి పోలేదు. పెళ్లయి పిల్లలు పుట్టాక, బైబిలు చదవాలనే పట్టుదలతో మా చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లి అక్షరాలు నేర్చుకున్న మనిషి. వేరే ఏ కాగితం ఇచ్చినా కూడబలుక్కుని చదివేది గానీ కీర్తనలు మాత్రం గడగడా చదివేది. షుగర్ ఆమె చూపును తీసేసింది. ఇప్పుడు వెలుగు, నీడ తప్ప ఏమీ తెలియదు. రోజూ సాయంత్రం నేను చదివి వినిపించేదాన్ని. ఆ వేలం రోజుల్లో నాకు గొంతు పెగిలేది కాదు. నాలుగు వచనాలు చదివి ఆపేస్తే, "ఏమ్మా, అధ్యాయం అయిపోయిందా?" అనేది. ఆమెకు ఏ అధ్యాయం ఎక్కడ ముగుస్తుందో నాకంటే బాగా తెలుసు. తెలిసే అడిగేది.

బటన్ల విషయానికి వస్తే, ఇది తయారుచేసినవాళ్లు కళ్లు కనపడనివాళ్లను తలచుకుని చేయలేదు. ఆరు బటన్లూ ఒకే సైజు, ఒకే నునుపు. తెర మీద అంకె మాత్రమే పడుతుంది. 18 వస్తే యోబు, 19 వస్తే కీర్తనలు అని మనమే గుర్తు పెట్టుకోవాలి. పుస్తకం మార్చే బటన్, అధ్యాయం మార్చే బటన్ పక్కపక్కనే ఉన్నాయి. అత్తమ్మ మొదటి వారమంతా సామెతలు అనుకుని యెషయాకు పోతూ ఉండేది. చివరికి చిన్నది సెలవులకు వచ్చినప్పుడు ఫెవిక్విక్‌తో ఆన్ బటన్ మీద ఒక కందిగింజ, అధ్యాయం బటన్ మీద రెండు ఆవాలు అంటించింది. ఇప్పుడు ఆమె వేళ్లు తడుముకుంటూ తానే నడుపుకుంటుంది. ఆవాలు రెండుసార్లు ఊడిపోయాయి, కందిగింజ గట్టిగా ఉంది.

రికార్డింగ్ బాగుంది. పాత బైబిలు భాషే, ఒక్క మాట మార్చలేదు. చదివేవాళ్లు తొందరపడరు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క గొంతు పెట్టి నాటకంలాగా చదివించారు, సముద్రం వచ్చిన చోట అలల చప్పుడు, గొర్రెలు వచ్చిన చోట గొర్రెల అరుపు. కొందరికి ఇది నచ్చదు. నాకూ సువార్తల్లో వెనక వచ్చే సంగీతం ఎక్కువనిపించింది. కానీ యోబు గ్రంథంలో మాత్రం గొంతులు వేరువేరుగా ఉండడం వల్ల ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. చదివేటప్పుడు నాకు అది ఎప్పుడూ తికమకే. యోబు ఎక్కడ ఆపాడో, ఆ స్నేహితుడు ఎక్కడ మొదలుపెట్టాడో పేజీ వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వచ్చేది.

పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబుతో "దేవుణ్ణి దూషించి చచ్చిపో" అన్న అతని భార్య గొంతును మాత్రం గయ్యాళిలాగా చదివించారు. అత్తమ్మకు కోపం వచ్చింది. "ఆమెకు మాత్రం ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు పోలేదా? కన్నది ఆమె గదా. ఒక్కమాట అన్నదని ఇన్నేళ్లు తిట్టుకుంటా ఉన్నారు" అంది. ఏ ప్రసంగంలోనూ ఎవరూ అనగా నేను వినని మాట అది. అత్తమ్మకు మా ఆయన కంటే ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు.

ఇక నాకు అస్సలు నచ్చని సంగతి. ఈ పెట్టెలో బైబిలు కాక "వాగ్దానాలు" అని ఇంకో భాగం నింపి ఇచ్చారు. ఏదో ఒక పుస్తకంలోంచి ఒక వచనం తుంచి, వెనక కీబోర్డు వాయించి, ఆ తర్వాత ఒకాయన బొంగురు గొంతుతో "ఈ నెలలోనే నీ అప్పులు తీరిపోతున్నాయి, నీ శత్రువులు చూస్తుండగా నీ తల ఎత్తుతున్నాడు" అని ఊదరగొడతాడు. అప్పుల్లో ఉన్నవాళ్లకు ఆ గొంతు ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఆ నెల దాటి పోయాక ఎంత చేదుగా ఉంటుందో కూడా తెలుసు. నెల తిరిగేసరికి తప్పు మన మీదికే వస్తుంది, మన విశ్వాసం చాలలేదని. మా కూడికలో ఒకామె ఆ మాట నా మొహం మీదే అంది. "మీ ప్రార్థనలో ఎక్కడో లోటుంది, చూసుకోండి" అని. పొగాకు రేటుకూ నా ప్రార్థనకూ లంకె ఏమిటో ఆమెనే అడగాల్సింది. అత్తమ్మ పక్కనే ఉందని ఊరుకున్నాను.

ఆ భాగం తీసేయడానికి వీలుంటుందా అని షాపులో అడిగితే, కార్డులోంచి ఆ ఫోల్డర్ తీసేసి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు. మీరూ అడగండి.

అసలు బైబిల్లో ఉన్నది వరసగా వింటే, అంత తీపి ఏమీ ఉండదు. ఈ పెట్టె చేసిన మేలు అదే. చేత్తో పేజీలు తిప్పుకుంటే మనకు కావాల్సిన చోటే ఆగుతాం. 23వ కీర్తన, 91వ కీర్తన, 121వ కీర్తన, మళ్లీ 23. పెట్టె మనల్ని అడగదు. 87 అయ్యాక 88 చదివేస్తుంది. ఆ 88వ కీర్తన నేను చిన్నప్పటి నుంచి చర్చికి పోతున్నా ఎప్పుడూ మనసుపెట్టి వినలేదు. చివరిదాకా ఏడుపే. మిగతా కీర్తనల్లో ఎక్కువ వాటిలో ఎంత ఏడ్చినా ఆఖర్లో "అయినా స్తుతిస్తాను" అని ఒక మాట ఉంటుంది. ఇందులో లేదు. చీకటి దగ్గర ఆగిపోతుంది. ఇంత నిరాశను కూడా ప్రార్థన పుస్తకంలోనే ఉంచారే అని నాకు ఆశ్చర్యం వేసింది, కొంచెం ధైర్యమూ వచ్చింది. దేవుడి ముందు మొహం కడుక్కుని, నవ్వు తెచ్చుకుని నిలబడనక్కర్లేదని అనిపించింది.

అత్తమ్మ ఆ రోజుల్లో పదేపదే క్లౌ దొర సంగతి తీసేది. మా ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్టు సంఘాల్లో ఆ కథ తెలియనివాళ్లు తక్కువ. 1876–78లో ధాత కరువు వచ్చినప్పుడు జాన్ క్లౌ ఒంగోలులో మిషనరీ. జనం ఆకలికి చచ్చిపోతుంటే, బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో కొంత భాగాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలువ ఇప్పటికీ మా జిల్లా సముద్రపు ఒడ్డున ఉంది. ఇక్కడిదాకా అందరూ చెప్తారు. అత్తమ్మకు ముఖ్యమైన ముక్క తర్వాతిది. కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చినవాళ్లెవరో, నమ్మి వచ్చినవాళ్లెవరో తేలదని. పని అయిపోయి, కూలి డబ్బులు ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మా మాదిగ పల్లెలవాళ్లే.

"గింజలిచ్చేటప్పుడు దేవుణ్ణి అమ్మలేదమ్మా ఆయన" అంటుంది అత్తమ్మ. పెట్టెలోని ఆ బొంగురు గొంతాయన మీద ఆమె ఇచ్చిన తీర్పు కూడా అదే.

ఇప్పుడు అదే వెల్లంపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. మేము అమ్ముకునేది వేరే చోట. అయినా ఆ ఊరి పేరు పేపర్లో పొగాకు రేట్ల పక్కన కనబడితే నాకు ఒక్క క్షణం ఏదోలా ఉంటుంది.

బ్యారన్ దగ్గర వాడకం గురించి చెప్పాలి, ఎందుకంటే పెట్టె ఎంత గట్టిదో అక్కడే తెలిసింది. ఆకు రెలుపులు (కోతలు) జనవరిలో మొదలైతే ఏప్రిల్ దాకా బ్యారన్ కాలుతూనే ఉంటుంది. ఒక్కో లోడు క్యూరింగుకు ఐదారు రోజులు. ముందు తక్కువ వేడిలో ఆకును పసుపు రంగుకు తిప్పాలి, తర్వాత ఆకు ఆరాలి, ఆఖరికి ఈనె ఎండాలి. వేడి డిగ్రీ డిగ్రీగా పెంచుకుంటూ పోవాలి. పెంచడం ఆలస్యమైతే రంగు పోతుంది, తొందరపడితే ఆకు మాడుతుంది. ఎండిన ఆకు ఒక్కటి కర్రలోంచి జారి పొయ్యి వేడి పోయే గొట్టం మీద పడితే చాలు, బ్యారన్ మొత్తం తగలబడిపోతుంది. అందుకని రాత్రంతా ఒకరు మేలుకుని పుల్లలు ఎగదోస్తూ, థర్మామీటరు చూస్తూ ఉండాలి. ఆ ఒకరు మా ఆయన. ఈ ఏడు కూలి మనిషిని పెట్టుకునే స్తోమతు లేక రెండో మనిషిని నేను.

ఆయన పెద్దగా చర్చికి వచ్చే మనిషి కాదు. క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు, మట్టి కార్యక్రమాలకు వస్తాడు. నేను పెట్టె తీసుకుపోయి బ్యారన్ అరుగు మీద పెడితే మొదట విసుక్కున్నాడు. నిద్ర ఆపడానికి ఏదో ఒక చప్పుడు ఉండాలి కాబట్టి ఊరుకున్నాడు. పొగ, వేడి, బూడిద, రాత్రి మంచు అన్నీ తట్టుకుంది పెట్టె. స్పీకరు పొయ్యి చప్పుడు మీద కూడా వినబడింది. కానీ సౌండు పూర్తిగా పెంచితే గరగర వస్తుంది. ముప్పావు దగ్గర ఆపుకోవాలి.

అప్పటికి మేము రెండు గేదెలను అమ్మేశాం. ఒక రాత్రి చిన్న ప్రవక్తల పుస్తకాలు నడుస్తున్నాయి. హబక్కూకు మూడో అధ్యాయం వచ్చింది. చేనిలో పైరు పంటకు రాకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా అని వరసగా చెప్పుకుంటూ పోతాడు ఆ ప్రవక్త. మా ఆయన పుల్ల చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. "ఎవరాయన? రైతా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. "ఇంకోసారి పెట్టు" అన్నాడు. అధ్యాయం మధ్యలోకి వెనక్కి వెళ్లే వీలు ఈ పెట్టెకు లేదు, మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. విన్నాడు. "పశువులు లేవు, పంట లేదు, అయినా ఆనందిస్తానంటాడు. నాకు ఆనందం రావట్లేదు గానీ, ఆ లెక్క రాసుకున్న పద్ధతి బాగుంది. ఏదీ దాచలేదు" అన్నాడు. ఆయన చర్చికి వస్తున్నాడని చెప్పడానికి ఇది రాయట్లేదు. ఇప్పటికీ రావట్లేదు. రాత్రి మాత్రం పెట్టె తనే తీసుకుపోతాడు.

అప్పు ఈ పెట్టె వల్ల తీరలేదు. గేదెలు అమ్మితే కొంత, నా గాజులు బ్యాంకులో పెడితే కొంత తీరింది, మిగతాది ఉంది. ఎరువుల షాపాయన దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లి కూర్చుని వాయిదాలు రాయించుకున్నాం. అక్కడికి పోయే ధైర్యం నాకు ఎక్కడిదంటే మాత్రం ఆ రాత్రుల్లో విన్నవాటి నుంచే అని చెప్తాను. నమ్మేవాళ్లు నమ్ముతారు.

మిగతా లోపాలు చకచకా చెప్పేస్తాను. చార్జింగ్ పిన్ను పాత రకం. ఇంట్లో ఫోన్లన్నిటికీ కొత్త పిన్ను, దీని ఒక్కదానికే వేరే వైరు దాచుకోవాలి. సోలార్ పలక అలంకారానికే. మా ప్రకాశం ఎండలో రోజంతా పెట్టినా గంటసేపు కూడా సరిగా పాడదు. ఎక్కడ ఆపామో గుర్తు పెట్టుకుంటుంది గానీ చార్జింగ్ పూర్తిగా అయిపోతే మళ్లీ ఆదికాండం ఒకటికి వెళ్లిపోతుంది. అందుకే మా ఇంట్లో అందరికీ సృష్టి కథ కంఠతా వచ్చేసింది. అరగంటకు ఆగిపోయే టైమర్ ఉంది, పడుకునేటప్పుడు మంచిదే. కానీ 119వ కీర్తన 176 వచనాలు, అరగంటలో తెగదేమో చూసుకుని పెట్టుకోండి.

టార్చి, ఎఫ్ఎం మాత్రం నేను అనుకోని రీతిలో అక్కరకొచ్చాయి. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్లో కరెంటు పోయింది, ఫోన్లు చచ్చిపోయాయి. అత్తమ్మను చీకట్లో దొడ్డి వైపు తీసుకెళ్లడానికి ఆ టార్చే. తుఫాను ఎటు పోతోందో రేడియోలో విన్నాం. పొగాకు నారుమడి మునిగింది, అది వేరే ఏడుపు.

షాపు గురించి ఒక మాట. ఆరు నెలల గ్యారంటీ కార్డు ఇచ్చారు. మధ్యలో అధ్యాయం బటన్ లోపలికి దిగబడిపోతే తీసుకెళ్లాను. ఆవాలు అంటించిన గుర్తు చూసి ఒప్పుకోరేమో అని టెన్షన్ పడ్డాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి ఎందుకు అంటించామో అడిగి తెలుసుకుని, బాగుచేసి, తిరిగి ఇచ్చేటప్పుడు తానే రెండు రబ్బరు చుక్కలు అంటించి ఇచ్చాడు. తర్వాత వచ్చే సరుకులోనన్నా బటన్ల మీద గుర్తులు పెట్టమని కంపెనీకి చెప్పమన్నాను. చెప్తానన్నాడు.

పాటలు కావాలనుకునేవాళ్లకు ఇది దండగ, పాటలు వేరే కార్డులో ఎక్కించుకోవాలి, ఆ ఖర్చుకు మామూలు స్పీకరే వస్తుంది. చెవుడు ఉన్న పెద్దవాళ్లకు కొనేముందు వాళ్లను వెంట తీసుకెళ్లి వినిపించండి. ఇలాంటి పెట్టెల్లో చాలా రకాలు ఉన్నాయి. కొన్నిట్లో కొత్త నిబంధన, కీర్తనలు మాత్రమే ఉంటాయి, పైన అట్ట మీద మాత్రం బైబిల్ అనే రాసి ఉంటుంది. కాబట్టి డబ్బులు ఇచ్చే ముందు షాపులోనే ఆన్ చేయించి పుస్తకం బటన్ నొక్కించి 18కి తెప్పించండి. యోబు రాకపోతే తీసుకోకండి.